మూడో చప్పుడు

మా గిర్ని హన్మకొండ చౌరస్తాకు రెండు సందుల అవతల ఉంది. అందులో మూడు మోటార్లు. జొన్నలూ గోధుమలూ పట్టే రాయికి పది హార్స్‌పవర్‌ది, మిరపకాయల మిషనుకు ఐదుది, కారం జల్లించే జల్లెడకు ఒకటిది. పెద్దవి రెండూ త్రీఫేజ్. స్విచ్చు వేస్తే చాలు, వాటంతట అవే లేచి తిరుగుతాయి.

జల్లెడ మోటారు సింగిల్ ఫేజ్‌ది. అది లేవాలంటే కండెన్సర్ ఉండాలి. కండెన్సర్ కాలిపోతే మోటారు గుర్రుమంటుంది తప్ప కదలదు. అప్పుడు మోటారును జల్లెడకు కలిపే పట్టా, అంటే బెల్టు, పట్టుకుని ఎటు లాగితే అటు అందుకుంటుంది. బీఎస్సీలో ఫిజిక్స్ చదివాను కాబట్టి ఈ సంగతి నాకు పుస్తకంలో తెలుసు. మా దగ్గర పనిచేసే రాజక్కకు చేతిలో తెలుసు.

డెబ్బై ఎనిమిదిలో ఆ కండెన్సర్ కాలింది. నా భర్త కిషన్ రావు కొత్తది వేయించలేదు. రాజక్క ఉంది కదా, లాగుతుంది అన్నాడు.

"మా ఇంటాయన తీరే అమ్మా ఇది," అనేది రాజక్క. "గుర్రు పెట్టుడే గాని నూకంది లేవదు."

స్విచ్చు తలుపు పక్క గోడకు ఉంది. మోటారు వెనక మూలకు. పెద్ద రాయి తిరుగుతుంటే కేక వేసినా వినపడదు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. రాజక్క కొంగు నడుముకు దోపుకుని, జల్లెడ రేకు మీద ఎడమ చేత్తో మూడుసార్లు కొట్టేది. మూడో చప్పుడుకు నేను స్విచ్చు వేయాలి. మోటారు గుర్రుమనగానే ఆమె వంగి, ఎడమ చేత్తో పట్టా లాగేది. ఎడమచేతి వాటం కనుక మోటారు వెనక్కి తిరిగేది. జల్లెడకు ఎటు తిరిగినా ఒకటే.

డెబ్బై తొమ్మిది ఎండాకాలం, మిర్చి సీజను. చప్పుడు విన్నాను. స్విచ్చు వేశాను. రాజక్క అరవలేదు. నడుము నుంచి జారిన ఆమె కొంగును పట్టా లాక్కుంది, కొంగు మెడను లాక్కుంది. నేను స్విచ్చు తీసేలోపే అయిపోయింది.

కిషన్ రావు ఆమె దగ్గరికి ఉరికి, "రిక్షా పిలువు, పో," అని నన్ను తరిమాడు. నేను రిక్షాతో వచ్చేసరికి పది నిమిషాలు పట్టింది. దవాఖాన దాకా రాజక్క బతకలేదు.

ఆ రాత్రి ఆయన నాతో మెల్లగా అన్నాడు. "నువ్వు రెండో చప్పుడుకే వేసినవ్ నిర్మలా. ఆమె ఇంకా పట్టా సదురుతాంది. ఆ ఊపుకే మోటరు అందుకున్నది. ఫికర్ చెయ్యకు, నీ పేరు రానియ్య."

రానివ్వలేదు. కరెంటు పోయి వచ్చింది, రాజక్క స్విచ్చు తీయడం మరిచింది అని పోలీసులకు చెప్పాడు. ఆమె తల్లి సమ్మమ్మకూ అదే చెప్పాడు. నేను పక్కన నిలబడి తల ఊపాను.

నాకు మూడు విన్నట్టే గుర్తు. కాని ఆయన మాటే నమ్మాను. నన్ను కాపాడిన మనిషి కదా. మూడేళ్ళు ఆయన ముందు నోరెత్తలేదు.

ఎనభై రెండు శ్రావణంలో మిరప మిషను మోటారు కాలింది. వైండింగ్ చేసే సారంగపాణి దాన్ని విప్పడానికి వచ్చాడు. కిషన్ రావు మిర్చి కొనడానికి కేసముద్రం మార్కెట్ యార్డుకు పోయాడు. చేత్తో జల్లించలేక చస్తున్నాం, జల్లెడ మోటారుకు కూడా కండెన్సర్ వెయ్యి అన్నాను.

"మళ్ళ ఎందుకమ్మా? నేను పెట్టింది ఏమాయె?"

"నువ్వెప్పుడు పెట్టావు?"

"రాజక్క పోయిన దినమే గదా. పొద్దుగాల మీరు ఇంకా రాలె. ఆమె నీళ్ళకు పోయింది. ఇగ చేత్తో లాగే పని లేదు, స్విచ్చు ఎయ్యంగనే లేస్తది, జర రాజక్కకు చెప్పుండ్రి సారూ అన్న. చెప్తనన్నడు. నేను గటే బస్సెక్కి ఏటూరునాగారం పోయిన."

అతను మోటారు మూత విప్పాడు. కండెన్సర్ లేదు. రెండు వైర్లు కట్టర్‌తో కత్తిరించి ఉన్నాయి.

"గిట్ల ఎవడు కోసిండమ్మా?" అన్నాడు. కాలిన మిరప మోటారును రిక్షాలో వేసుకుని పోయాడు.

గిర్నంతా వెతికితే, ఫ్యూజు వైరు ఉండే ఇనుప పెట్టె అడుగున, పేపర్లో చుట్టి, దొరికింది. కొత్త కండెన్సర్. వైరు ముక్కలు దానికే వేలాడుతున్నాయి. పైన కారం అంటిన వేళ్ళ గుర్తులు.

పది నిమిషాలు... నేను రిక్షా కోసం ఉరికిన పది నిమిషాలు.

బయట వాన పట్టింది. సాయంత్రం నాలుగింటికే లోపల చీకటి. కరెంటు పోయింది. తడిసిన గోనె సంచుల వాసన, దాని కింద పాత కారం ఘాటు. కండెన్సర్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను.

టప్.

రేకు మీద వాన చినుకు అనుకున్నాను. గిర్ని కప్పు రేకు కాదు, పెంకులు.

టప్...

ఎడమ చేతి బొటనవేలి ఎముకతో కొట్టేది రాజక్క. ఆ చప్పుడు నాకు తెలుసు.

టప్...

నా కుడి చెయ్యి స్విచ్చు వేసింది. నేను వేయాలనుకోలేదు. బల్బు వెలగలేదు, కరెంటు లేదు. మూలన మోటారు గుర్రుమంది. చాలాసేపు... అలా గుర్రుమంటూనే ఉంది. తర్వాత పట్టా మెల్లగా కదిలింది. వెనక్కి.

"రాజక్కా," అన్నాను. "నేను మూడో చప్పుడుకే వేశాను కదా?"

పట్టా ఆగింది. స్విచ్చు తీసేశాను.

చీకటి పడుతుండగా కిషన్ రావు వచ్చాడు. అప్పటికి కరెంటు వచ్చింది. కండెన్సర్ బల్ల మీద పెట్టాను. చూశాడు. గొడుగు ముడిచి గోడకు ఆనించాడు.

"చెప్పుడు మర్చిపోయిన," అన్నాడు.

"తీసుడు మర్చిపోలేదు."

"గిర్ని మూతపడుతుండె. నువ్వు ఒక్క మాట మోస్తె ఏం పోయింది? నిన్ను ఒక్కనాడన్న ఏమన్న అన్ననా?"

అనలేదు. అనాల్సిన అవసరం రాకుండా చూసుకున్నాడు.

"పొద్దుగాల సమ్మమ్మ దగ్గరికి పోయి చెప్తాను," అన్నాను. "తర్వాత ఠాణాకు."

"ఏం చూపెడ్తవ్? మోటరే లేకుంట చేస్త," అని మూలకు నడిచాడు. పట్టా తీసి మోటారును పాత ఇనుము వాడికి వేయాలని. స్విచ్చు తీసే ఉందని చూసుకున్నాను. ఫ్యూజు కూడా ఊడబెరికి గుప్పిట్లో పెట్టుకున్నాను. ఎవరు మోటారు మీద చెయ్యి వేసినా అలా చేయాలి, అది పద్ధతి. రెండో చేతిలో కండెన్సర్ ఉంది. ఇక ఆ మోటారు తిరగడానికి లోకంలో ఏ దారీ లేదు.

ఆయన వంగి కుడి చెయ్యి పట్టా కింద పెట్టాడు.

టప్. టప్. టప్.

"ఏందే, ఎందుకు కొడ్తానవ్?" అన్నాడు, తల తిప్పకుండానే.

మోటారు గుర్రుమనలేదు. ఒక్కసారే లేచింది.

నాలుగు వేళ్ళు పోయాయి. దవాఖానలో ఆయనే చెప్పాడు, కరెంటు పోయి వచ్చిందని. అందరూ నమ్మారు, మొదటిసారి నమ్మినట్టే. ఫ్యూజు పట్టుకున్న నా అరచెయ్యి కాలి ఉంది. అదెందుకని ఎవరూ అడగలేదు.

సమ్మమ్మకు చెప్పాను. ఆమె విని, "నాకెర్కనే బిడ్డా, రాజక్క చెప్పింది," అంది. ఎప్పుడు చెప్పిందని నేను అడగలేదు. ఠాణాలో రాసుకున్నారు. మళ్ళీ ఎవరూ రాలేదు.

ఇప్పుడు కిషన్ రావు గిర్ని తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఎడమ చేత్తోనే తింటాడు, ఎడమ చేత్తోనే రాస్తాడు. చిన్నప్పటి నుంచీ అలవాటున్నట్టు, మొదటి రోజే రాశాడు. జల్లెడ మోటారును పాత ఇనుము వాడు తీసుకుపోయాడు. రేకు మాత్రం మూలన ఉంది.

ఇందాక స్విచ్చు గోడ పక్కన పిండి సంచి కుడుతుంటే వెనక చప్పుడైంది.

"కొట్టకండి," అన్నాను.

"నేను కొడ్తలేను," అన్నాడు.

తిరిగి చూశాను. ఆయన ఎడమ చెయ్యి ఒళ్ళోనే ఉంది. నా కుడి చెయ్యి మాత్రం, సూది వదిలి ఎప్పుడు వెళ్ళిందో, స్విచ్చు మీద ఉంది.

రెండు చప్పుళ్ళు విన్నాను. మూడోది ఇంకా రాలేదు.