కొవ్వొత్తి ముందు గ్లాసు

భార్య కాసిల్దా చివరి పంటను కూతురే పాడుచేసింది. ఎమెతెరియో ఇంట్లో అది ఖాయమైపోయిన సంగతి. కిందటేడు పాత పీపాలోంచి కొత్త పీపాలోకి ఎర్ర వైన్ వంపేటప్పుడు కూతురు వాల్వనేరా కుళాయిని ఆలస్యంగా మూసింది. అడుగున పేరుకున్న మడ్డి మంచి వైన్‌లో కలిసిపోయింది. గుడ్డు తెల్లసొన కలిపి మళ్లీ తేర్చారు. చేదు పోలేదు, రంగు పోయింది. తాతల నాటి పేరుతో సీసాల్లోకి ఎక్కాల్సిన వైన్ హోటళ్ల వంటకి పోయింది. ఆ ద్రాక్ష కాసిల్దా తన చేత్తో కోసింది. ఆ వెంటనే వచ్చిన చలికాలంలోనే కన్నుమూసింది.

ఈ ఏడు మళ్లీ ఆ పని రోజు వచ్చింది. పొద్దున్నే వాల్వనేరా రొట్టె, వేయించిన మిరపకాయలు తండ్రి ముందు పెట్టింది. స్పెయిన్‌లోని రియోహా కొండల మీంచి చలిగాలి తలుపు కొడుతోంది.

"నాన్నా, ఇవాళ గ్లాసు నేను పట్టుకుంటాను."

"కుళాయే మూయలేనిదానివి, గ్లాసు పడతావా?"

కాసిల్దా చెల్లెలు తార్సిలా కాఫీ దించుతూ అంది. "ఏం బావా, పొద్దున్నే వెనిగర్ తాగావా?"

"ఆ కొవ్వొత్తులు తెచ్చావా? కిందటిసారి నాసివి అంటగట్టాడు ఆ కొట్టువాడు. మంట చుట్టూ మసక."

"తెచ్చాను. వాణ్ణి తిట్టి మరీ తెచ్చాను."

నేలమాళిగలో కరెంటు దీపాలున్నాయి. ఈ పనికి మాత్రం ఆ ఇంట్లో కొవ్వొత్తే వెలిగిస్తారు. కుళాయి నుంచి వచ్చే వైన్‌ని గ్లాసులో పట్టి మంటకు అడ్డం పెట్టి చూడాలి. మడ్డి వచ్చిందంటే మంట చెదురుతుంది. గ్లాసు పట్టినవాడు "చాలు" అనాలి. ఆ మాట వినకుండా కుళాయి మూయకూడదు. ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అలా మూయలేదు.

వాల్వనేరా కుళాయి ముందు కూర్చుంది. ఎమెతెరియో గ్లాసు పట్టాడు. పారబోశాడు. మళ్లీ పట్టాడు. పీపా అడుగంటుతోంది. అతను ఏమీ అనలేదు.

కుళాయి టక్కున మూసుకుంది.

"నేను చాలు అన్నానా?"

"అనలేదు."

"మరెందుకు మూశావే?"

"మడ్డి వచ్చేసింది నాన్నా."

"రాలేదు! తార్సిలా, నువ్వు చూడు."

తార్సిలా వంగి చూసింది. ఈసారి ఎకసెక్కం ఆడలేదు. "వచ్చింది బావా. అంతా మబ్బే."

అతను గ్లాసు పక్కకి తీశాడు. ఉత్త కొవ్వొత్తిని చూశాడు. మంట చుట్టూ అదే మసక. కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు. మసక పోలేదు.

పీపా మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. కూతురి వైపు తిరిగి అడిగాడు.

"కిందటేడు కూడా నీకు కనిపించిందా?"

"కనిపించింది."

"మరి మూయలేదేం?"

"నువ్వు అప్పటికింకా చాలు అనలేదు. చుట్టూ పనివాళ్లున్నారు. అమ్మ అప్పుడే పోయింది. అందరి ముందూ నీ మాట దాటలేకపోయాను." ఆమె కుళాయిని ఇంకాస్త బిగించింది. "దాటి ఉంటే అమ్మ పంట దక్కేది."

"ఏడాదంతా నిన్ను అన్నాను కదే. నోరు లేదా నీకు?"

"నీకు కళ్లు కనపడటం లేదని ఏ నోటితో చెప్పను నాన్నా?"

ఎమెతెరియో గ్లాసు ఆమె చేతిలో పెట్టాడు. అతను పక్క పీపా దగ్గరికి వెళ్లి, మోకాళ్లు పట్టుకుని, కుళాయి ముందు చతికిలబడ్డాడు.

వైన్ పారింది. ఆమె మంట ముందు గ్లాసు పెట్టి చూస్తూ ఉండిపోయింది.

"చాలు," అంది.

అతను వెంటనే మూశాడు.

"కిందటేటి సంగతి ఊళ్లో ఇంకా అడుగుతూనే ఉంటారు బావా," అంది తార్సిలా, శాలువా కొంగుతో కళ్లొత్తుకుంటూ. "ఏం చెప్పమంటావ్?"

"ఏమీ చెప్పొద్దు. ఆ పంట మాట ఈ ఇంట్లో ఇక ఎత్తొద్దు. నేనూ ఎత్తను."

ఆ తర్వాత అతను ఎప్పుడూ ఎత్తలేదు.