మర్యాదగా రాసిన ఉత్తరం

ఉదయం ఏడు కాకముందే కృష్ణకుమారి మూడు లంచ్ డబ్బాలు సర్దేసింది. ఒకటి ఆరేళ్ళ ఇషాకి, ఒకటి రవికాంత్‌కి. మూడో డబ్బాలో బెండకాయ వేపుడు పెట్టి మూత బిగించాక గానీ అది ఎవరికోసం సర్దుతోందో ఆమెకి గుర్తు రాలేదు. క్లినిక్‌లో ఉద్యోగం మానేసి ఆరు వారాలు దాటింది.

"అమ్మా, నువ్వు ఆఫీస్ వెళ్తావా అగైన్?" అంది ఇషా షూ లేసు కట్టుకుంటూ.

"లేదు నాన్నా. చేతులకి అలవాటైపోయింది, అంతే."

అత్తగారు జ్ఞానప్రసూన టీ కప్పుతో బల్ల దగ్గర కూర్చుని అంతా చూస్తోంది. జనవరిలో వచ్చింది ఆవిడ, జూన్‌లో తిరుగు ప్రయాణం. ఏదో అనబోయి, కప్పులోకి చూసి ఊరుకుంది. ఈమధ్య ఆవిడ అలా చాలాసార్లు ఊరుకుంటోంది.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఏప్రిల్ నెల వచ్చినా ఇంటి వెనక మంచు మరకలు ఇంకా పోలేదు. రవికాంత్ పనిచేసే కార్ల విడిభాగాల కంపెనీలో వారానికి నాలుగు రోజులే పని ఉంటోంది. అది మూడు రోజులవుతుందని కొందరు, కంపెనీయే ఉండదని కొందరు అంటున్నారు. అందుకే నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెట్టమని రవికాంతే చెప్పాడు. ఆ దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది: మిమ్మల్ని తీసేశారా, మీరే మానేశారా? రెండే గళ్ళు. కృష్ణకుమారి ఆ రెండు గళ్ళ ముందు అరగంట కూర్చుంది. తీసెయ్యలేదు. అలాగని తను మానేసిందా? మెడ పట్టుకుని గుమ్మం దాకా నెట్టినవాళ్ళు, ఆఖరి అడుగు మాత్రం నిన్నే వెయ్యమంటే, దాన్ని ఏమంటారు? చివరికి రెండో గడిలో గీత పెట్టింది.

నిన్న జవాబు వచ్చింది. యజమాని తప్పేమీ లేకుండా ఆమె తనంతట తానే ఉద్యోగం వదిలేసిందట, అందుకని భృతి ఇవ్వరట. ముప్పై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చట. ఆ కాగితానికి ఇంకో కాగితం జతచేసి ఉంది. అది క్లినిక్ వాళ్ళు సాక్ష్యంగా పంపిన ఆమె రాజీనామా ఉత్తరం. "కుటుంబ కారణాల వల్ల మానుకుంటున్నాను. నన్ను సొంత బిడ్డలా చూసుకున్నందుకు మీకు ఎప్పటికీ రుణపడి ఉంటాను." కింద తన సంతకం.

ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉన్న ఆ ఉత్తరం ముందు నిలబడి కృష్ణకుమారి మళ్ళీ మళ్ళీ చదివింది. ఒక్కోసారి అందులో ఉన్నదే నిజమేమో, తనే ఏదో ఊహించుకుందేమో అనిపించింది.

అది విశ్వనాథం గారి డెంటల్ క్లినిక్. ఆయన ముప్పై ఐదేళ్ళ క్రితం వచ్చి స్థిరపడ్డ డాక్టరు. క్లినిక్ నడిపేది మాత్రం ఆయన భార్య సుధ. రెండేళ్ళు కృష్ణకుమారి అక్కడ కౌంటర్లో కూర్చుంది. సుధ ఎప్పుడూ గొంతు పెంచేది కాదు. నవ్వుతూ, పేషెంట్ల ఎదురుగానే, తెలుగులో మాటలు అనేది. భుజం మీద చెయ్యి వేసి మరీ అనేది. పక్క సీటులో పనిచేసే డెనీస్‌కి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. "మీరిద్దరూ మాట్లాడుకుంటుంటే పాట విన్నట్టుంటుంది" అని మురిసిపోయేది.

కృష్ణకుమారి రెండుసార్లు విశ్వనాథం గారి దగ్గరకి వెళ్ళి చెప్పింది. "సుధ నోరు అంతేనమ్మా. నలభై ఏళ్ళుగా నేనే పడుతున్నాను. మనవాళ్ళం, సర్దుకుపోవాలి" అన్నాడాయన. తరువాత ఆమె చేతులు వణకడం మొదలైంది. మార్చిలో ఒక మధ్యాహ్నం కారులో కూర్చుని డబ్బా మూత తియ్యలేక, తిరిగి లోపలికి వెళ్ళలేక గంటసేపు ఉండిపోయింది. ఆ సాయంత్రం మానేస్తానని రవికాంత్‌కి చెప్పింది.

"మానెయ్. కానీ మర్యాదగా మానెయ్" అన్నాడు రవికాంత్. ఉత్తరం అతనే టైపు చేశాడు. ఆమె సంతకం పెట్టింది. ఆఖరి రోజు మైసూర్‌పాక్ డబ్బా కూడా పట్టుకెళ్ళి ఇచ్చింది.

*

శనివారం పెసరట్లు వేస్తున్నప్పుడు కృష్ణకుమారి నెమ్మదిగా అంది. "ఏవండీ, నేను అప్పీలు చేద్దామనుకుంటున్నాను."

రవికాంత్ ప్లేటు మీద నుంచి తల ఎత్తాడు. "అప్పీలంటే ఏంటో తెలుసా? హియరింగ్ పెడతారు. సుధ ఆంటీని అటు, నిన్ను ఇటు కూర్చోబెడతారు."

"తెలుసు."

"తెలిసే అంటున్నావా? రెండువేల ఒకటిలో నా జాబ్ పోయినప్పుడు ఎనిమిది నెలలు వాళ్ళ బేస్‌మెంట్‌లో ఉన్నాను కృష్ణా. ఒక్క డాలర్ అడగలేదు. వీసా అయిపోతుంటే అంకులే ఎవరెవరికో ఫోన్లు చేసి ఈ ఉద్యోగం ఇప్పించారు. మన పెళ్ళికి గుంటూరు దాకా వచ్చారు. ఇప్పుడు వాళ్ళ మీద కేసు వేస్తే ఉగాది ఫంక్షన్‌లో ఏ మొహం పెట్టుకుని కనపడమంటావ్?"

"కేసు కాదండీ. నేనెందుకు మానేశానో చెప్పుకోవడం."

"ఎందుకు మానేశావో ఉత్తరంలో ఉందిగా. ఫ్యామిలీ రీజన్స్ అని."

"అది నేను రాయలేదు. మీరు రాశారు."

"సంతకం ఎవరిది?"

ఆమె పొయ్యి వైపు తిరిగింది. అట్టు అంచులు ఎర్రబడుతున్నాయి.

"పోనీ ఇది చెప్పు. అసలు ఆవిడ ఏమంది? ఎప్పుడడిగినా 'ఏదో అంటుంది' అంటావు. ఆ ఏదో ఏంటి?"

కృష్ణకుమారి పిండి గిన్నెలో గరిటె తిప్పింది.

"చూశావా! మొగుడికే చెప్పలేని మాట జడ్జికేం చెప్తావ్?"

జ్ఞానప్రసూన లేచి వచ్చి, మాడిపోతున్న అట్టు తీసి పక్కన పెట్టి, పొయ్యి కట్టేసింది.

"నేను విన్నానురా" అంది.

"నువ్వేం విన్నావమ్మా?"

"ఫిబ్రవరిలో నా దవడ పన్ను పీకించడానికి తీసుకెళ్ళావు గుర్తుందా? నన్ను దింపి నువ్వు ఆఫీసుకెళ్ళావు. పని అయ్యాక బయట కుర్చీలో కూర్చున్నాను. ఆవిడ కౌంటర్ దగ్గరకొచ్చి ఈ పిల్లని ఒక మాట అంది. నేను కూర్చున్నానని తెలిసే అంది."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా?"

"నోట్లో దూది ఉందిరా." ఆవిడ గొంతు తగ్గింది. "దూది తీసేశాక కూడా నేను నోరు తెరవలేదు. పన్ను డబ్బు తీసుకోకుండా పీకారు కదా అని."

కృష్ణకుమారి అత్తగారి వైపు చూసింది. విన్నదా? విని ఇన్నాళ్ళు తనతో మామూలుగా మాట్లాడిందా? కోపం రావాలో, గుండె బరువు దిగాలో ఆమెకి తెలియలేదు.

"ఏమంది?" అన్నాడు రవికాంత్.

జ్ఞానప్రసూన కోడలి వైపు చూసింది. కోడలు వద్దన్నట్టు తల ఊపింది.

"నీకెందుకు? అడగాల్సినవాళ్ళు అడిగితే చెప్తాను" అంది ఆవిడ.

"అబ్బో! అత్తాకోడళ్ళు ఒకటయ్యారన్నమాట. కానివ్వండి" అని రవికాంత్ కారు తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు. అట్టు సగం ప్లేటులోనే ఉండిపోయింది.

అప్పీలు కాగితం కృష్ణకుమారే నింపింది. పదో తరగతి దాకా ఊళ్ళో తెలుగు మీడియంలో చదివిన మనిషి, ఒక్కో వాక్యం రెండుసార్లు రాసి కొట్టేసింది. రవికాంత్ సాయమూ చెయ్యలేదు, అడ్డమూ పడలేదు. ఇంట్లో మాటలు అవసరానికే నడిచాయి. "పాలున్నాయా?" "ఉన్నాయి." "ఇషా పడుకుందా?" "పడుకుంది." ఉగాది ఫంక్షన్‌కి ఎవరూ వెళ్ళలేదు.

*

విచారణ మే నెలలో, మంగళవారం పదింటికి ఫోన్‌లో. ఆ రోజు రవికాంత్‌కి పని లేదు. అయినా బల్ల దగ్గరకి రాలేదు. మేడమెట్ల మీద కూర్చుని లాప్‌టాప్ తెరుచుకున్నాడు. కృష్ణకుమారి ఫోన్‌ని స్పీకర్‌లో పెట్టింది. జడ్జి ఎవరో పెద్దాయన, గొంతు మెల్లగా ఉంది. జ్ఞానప్రసూన కోసం ఒక తెలుగు అనువాదకుణ్ణి లైన్‌లో కలిపారు.

"ఏమ్మా కృష్ణా, బాగున్నావా? ప్రసూన గారూ, పన్ను ఎలా ఉందండీ ఇప్పుడు?" సుధ గొంతు చక్కెరపాకంలా వచ్చింది.

కృష్ణకుమారి ఫోన్‌ని కాస్త దూరంగా జరిపింది. తనతో తప్ప ఎవరూ ఎవరితోనూ మాట్లాడకూడదని జడ్జి చెప్పాడు. తరువాత రాజీనామా ఉత్తరం పైకి చదివాడు. ఆ మాటలు ఆయన గొంతులో ఇంకా నిజంలా వినిపించాయి.

"ఈ సంతకం మీదేనా?"

"నాదే సార్."

"ఏమిటా కుటుంబ కారణాలు?"

వారం రోజులుగా నేర్చుకున్న ఇంగ్లీషంతా ఎటో పోయింది, తెలుగులోనే చెప్తే అనువాదకుడు అందుకున్నాడు. "కుటుంబ కారణాలు లేవు సార్" అంది. "మా వైపు ఒకరి ఇంట్లోంచి వచ్చేసేటప్పుడు వెళ్తున్నానని అనకూడదు. వెళ్ళొస్తాననాలి. జన్మలో ఆ గడప తొక్కకూడదనుకున్నా సరే, అలాగే అంటాం. ఆ ఉత్తరం అలాంటిది."

అటు నుంచి కాగితం మీద రాస్తున్న చప్పుడు. ఆయన నమ్మాడో లేదో ఆమెకి అంతుపట్టలేదు. విశ్వనాథం గారికి రెండుసార్లు చెప్పుకున్న సంగతీ, ఆయన అన్నదీ చెప్పింది. మేమెప్పుడూ పల్లెత్తు మాట అనలేదని, కూతురిలా చూసుకున్నామని సుధ చెప్పింది.

తరువాత జ్ఞానప్రసూన వంతు. అబద్ధం చెప్పనని ప్రమాణం చేసింది.

"మీరు విన్నది విన్నట్టు చెప్పండి" అని అనువాదకుడు తెలుగులో అడిగాడు.

"ఆ మాట నా నోటితో అనాలా నాయనా?"

"అనాలమ్మా."

ఆవిడ మెట్ల వైపు ఒకసారి చూసింది. కొడుకు తల వంచుకునే ఉన్నాడు. కళ్ళు మూసుకుని అనేసింది.

"మొగుడేమో మా బేస్‌మెంట్‌లో పడి తిన్నాడు, పెళ్ళాం మా కౌంటర్లో పడి తింటోంది. ఎంగిలి మెతుకులు మరిగిన వాళ్ళకి సిగ్గెక్కడుంటుంది అంది. నవ్వుతా అంది బాబూ."

అనువాదకుడు ఒక్క క్షణం తటపటాయించాడు. ఆ కుటుంబం తమ మీద ఆధారపడి ఉందని ఆవిడ అన్నారట అని ఇంగ్లీషులో మెత్తగా చెప్పాడు.

మెట్ల మీద లాప్‌టాప్ మూత పడ్డ చప్పుడు.

"నో సర్. మా అమ్మ చెప్పింది అది కాదు." రవికాంత్ బల్ల దగ్గరకి వచ్చేశాడు. ఎవరు మాట్లాడుతున్నారని జడ్జి అడిగాడు. "భర్తని. ఆ మొగుణ్ణి నేనే" అన్నాడు. జడ్జి అతని చేత కూడా ప్రమాణం చేయించాడు.

అతను ఒక్కో మాటా ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాడు. బేస్‌మెంట్ అన్నాడు, కౌంటర్ అన్నాడు. ఎంగిలి దగ్గర ఆగిపోయాడు. లెఫ్టోవర్స్ అనబోయి ఆపుకున్నాడు. అది అందరిళ్ళలో ఫ్రిజ్‌లో ఉండేదే, అందులో అవమానం లేదు. "ఇంకొకరు తిని కంచంలో వదిలేసిన అన్నం సర్. మా దగ్గర మనిషికి అది పెట్టరు" అన్నాడు. ఫోన్‌కి ఇంకా దగ్గరగా వంగాడు. "ఇంకోటి కూడా సర్. ఆ ఉత్తరం టైపు చేసింది నేను. తన చేతులు వణుకుతున్నాయని నా భార్య చెప్పింది. మర్యాదగా రాయాలని నేను చెప్పాను. ఆమె ఉత్తి సంతకం పెట్టింది."

"ఏంటి రవీ నువ్వు!" సుధ తెలుగులోకి వచ్చేసింది. "అదేదో సరదాకి అన్నదాన్ని పట్టుకుని ఇంత రాద్ధాంతమా?"

ఆవిడ ఏమన్నారని జడ్జి అడిగాడు. అనువాదకుడు ఈసారి ఏదీ మెత్తబరచలేదు. "ఆ మాట సరదాకి అన్నానంటున్నారు" అని చెప్పాడు.

తీర్పు పోస్టులో వస్తుందని జడ్జి చెప్పాక ఫోన్ ఆగిపోయింది. అది కృష్ణకుమారికి అనుకూలంగా వచ్చింది, మూడు వారాల తరువాత. కానీ ఆ మంగళవారం ఎవరికీ ఏమీ తెలియదు. గెలిచారో లేదో, మంచి చేశారో చెడు చేశారో తెలియకుండా ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చుండిపోయారు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు రవికాంత్.

"అందులో మీరు కూడా ఉన్నారు" అంది కృష్ణకుమారి.

అతను బల్ల మీది గీతల్ని వేలితో రుద్దాడు. "ఆ ఎనిమిది నెలలూ ఆంటీ రోజూ సాయంత్రం మెట్ల మీద కూరగిన్నె పెట్టేది కృష్ణా. తినేసి, కడిగి అక్కడే పెట్టేవాణ్ణి. అదంతా ప్రేమనుకున్నాను. ప్రేమేనేమో కూడా. ఇప్పుడు ఏదీ తెలియడం లేదు."

"నాకూ తెలీదు. ఈ దేశం వచ్చాక నా మొదటి పుట్టినరోజుకి ఆవిడే చీర కొనిపెట్టింది."

జ్ఞానప్రసూన కళ్ళు తుడుచుకుంటూ లేచింది. "నన్ను క్షమించమ్మాయ్. ఆ రోజే నోరు విప్పాల్సింది."

"ఇవాళ విప్పారు కదా అత్తయ్యా" అంటూ ఉండగానే కృష్ణకుమారికి ఏడుపు వచ్చేసింది. రెండు నెలలుగా, రెండేళ్ళుగా రానిది, ఆగకుండా వచ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు.

పన్నెండున్నర అయింది. జ్ఞానప్రసూన కంచాలు తియ్యడానికి వెళ్ళింది. పొద్దున అలవాటు కొద్దీ తనకని సర్దిన డబ్బా బల్ల మీద ఉంది. కృష్ణకుమారి మూత తీసి రెండు ముద్దలు తింది. మూడోది కలిపి, తినకుండా డబ్బా పక్కకి జరిపింది.

రవికాంత్ ఆ డబ్బా తన వైపు లాక్కున్నాడు. ఆమె ఆపిన చోటునుంచే అన్నం కలిపి తినసాగాడు.

"అయ్యో, అది నా ఎంగిలండీ" అంది ఆమె.

"తెలుసు" అన్నాడు, తలెత్తకుండా.

జ్ఞానప్రసూన మూడు కంచాలు పట్టుకుని వచ్చి, ఇద్దర్నీ చూసి ఆగింది. "ఓసారి చెప్తే నేను ఒక కంచమే తెచ్చుకునేదాన్నిగా" అని గొణుక్కుంటూ, మిగతా రెండూ అలమరలో పెట్టడానికి వెనక్కి తిరిగింది.