గోడకు పాడే పిల్ల

ఆ రోజు ఇంట్లో ఉన్నది అమ్మమ్మ, ఫిడేలుకు తీగ మారుస్తున్న హోబర్ట్ మామయ్య, పొయ్యి కింద గుడ్లు పొదుగుతున్న కోడి, నేను. వీళ్ళు కాక, మేం పిలవకుండానే వచ్చి కుర్చీ అంచున కూర్చున్న ఎమరీ అనే కుర్రాడు.

కింద పట్నంలో పాటలు పట్టే యంత్రం దించారట. దానికోసం ఇతను కొండల్లో పాడేవాళ్ళను వెతుకుతూ వచ్చాడట. అతని బూట్లు మరీ శుభ్రంగా ఉన్నాయి. కొండెక్కి వచ్చినవాడి బూట్లు అలా ఉండవు. నాకు అప్పుడే అనుమానం.

"అమ్మమ్మ గారూ, మీ పాట గురించి విన్నాను..."

"నీకు నేనెప్పుడు అమ్మమ్మనయ్యాను?" అంది అమ్మమ్మ.

రెండు చలికాలాల కిందట ఇలాగే ఒకడొచ్చి, మా చిక్కుళ్ళు తిని, పాట విని వెళ్ళాడు. తర్వాత దుకాణంలో గ్రామఫోన్ తిప్పితే అమ్మమ్మ వాళ్ళమ్మ కట్టిన పాట! రికార్డు మీద పేరు మాత్రం వాడిది. ఇంక మిగిలింది ఒక్క పాట. ఇదీ పోతే మా ఇంటిదని చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

"మా దగ్గర ఒక పద్ధతుంది. పాట కావాలంటే ముందు నీ ఇంటి పాట ఒకటి పాడాలి," అన్నాడు మామయ్య.

ఎమరీ నేలకేసి చూశాడు. "నాకు పాటల్లేవండీ."

పాట లేని ఇల్లుంటుందా? మామయ్య నా వైపు చూశాడు. నేను అమ్మమ్మ వైపు చూశాను.

"వర్డీ, సగమే పాడు, వీడేం చేస్తాడో చూద్దాం," అంది అమ్మమ్మ నా చెవిలో.

పంతొమ్మిదేళ్ళొచ్చినా మనుషుల ముఖం చూస్తే నాకు గొంతు రాదు. అలవాటుగా గోడవైపు తిరిగి మొదలుపెట్టాను. రెండో చరణంలో వెనక టక్ టక్ మని బూటు చప్పుడు. చటుక్కున తిరిగాను. అతని వేళ్ళు మోకాలి మీద గబగబా కదులుతున్నాయి.

"దొంగ! వేళ్ళతో వరస గుర్తు పెట్టుకుంటున్నాడు!"

పరాయి మగాడితో అంత గట్టిగా మాట్లాడటం నాకదే మొదలు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"కాదండీ! మా నాన్న బాంజో ఇలాగే వాయించేవాడు. పాట వింటే వేళ్ళు ఆగవు. మాదీ కొండే, ఆ అవతలిది."

"మరి పాటల్లేవన్నారే?" అన్నాను.

"పట్నంలో ఒకసారి పాడాను. కొండోడి ఏడుపు అని నవ్వారు. మళ్ళీ నోరు తెరవలేదు."

"మరి ఆ బూట్లు అంత శుభ్రంగా ఎలా ఉన్నాయి?"

"మీ వాకిట్లో గడ్డికి తుడుచుకున్నా. అమ్మమ్మ గారు తిడతారని."

నాకు నవ్వొచ్చింది. రానివ్వలేదు.

"గోడ అదిగో, పాడు," అంది అమ్మమ్మ.

అతను నా పక్కనే గోడవైపు తిరిగి పాడాడు. తుప్పు పట్టిన తలుపు కీలు ఇంకా నయం. కోడి లేచి బయటికి పోయింది. కానీ వరస ఎక్కడా తప్పలేదు. చివరికొచ్చేసరికి నాన్న గుర్తొచ్చాడేమో, గొంతు వణికింది.

"ఇంత ఘోరంగా పాడేవాడు ఇంకొకరి పాట ఎత్తుకుపోయి ఏం చేసుకుంటాడ్రా!" అంది అమ్మమ్మ మామయ్యతో. కళ్ళు మాత్రం తుడుచుకుంది.

"గొంతు కూడా నటనేమో," అన్నాను నేను.

"అయితే రికార్డు మీద మీ పేరే వేయిస్తాను. మీ ఇంటి పాట, మీ గొంతు. వేయనంటే యంత్రం ముందు నోరు తెరవకండి," అన్నాడతను. అప్పుడే మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. నేను గోడ కోసం వెతుక్కున్నాను.

"యంత్రం దగ్గర గోడలుండవు, మనుషులుంటారు," అంది అమ్మమ్మ. "ముందు ఒక్కడి ముఖం చూస్తూ పాడటం నేర్చుకో. మొత్తం పాడు, ఆఖరి చరణంతో సహా."

"ఆఖరి చరణమా? ఇంటివాళ్ళకు తప్ప ఎవరికీ పాడనిది, ఇతనికా?"

"ఇతనికే," అంటూ అమ్మమ్మ అతన్ని అరుగు మీదికి తోసి, అతని వెనకే నన్నూ గడప దాటించి, నా వీపు వెనక తలుపు మూసి గడియ పెట్టేసింది.