ఏడింటిలోపు ఇంట్లో

ఆరు నలభై తొమ్మిది!

స్పానర్ పరిగెడుతున్నాడు. వెనక బైక్... బైక్ మీద జలగ!

జలగంటే పర్యవేక్షణ ఆఫీసర్. కుర్రాళ్లు పెట్టిన పేరు. పట్టుకుంటే వదలడు మరి!

స్పానర్‌కి పదహారేళ్లు. బైకులు కొట్టేసి మూడుసార్లు దొరికాడు. అలాంటివాళ్ల కోసమే ప్రభుత్వం కొత్త పాలసీ తెచ్చింది. కాలికి ఎలక్ట్రానిక్ ట్యాగ్. ఇంట్లో దాన్ని పసిగట్టే కరెంటు పెట్టె. ఏడింటికల్లా ట్యాగ్ పెట్టె దగ్గరికి చేరాలి. లేకపోతే ఫైల్లో ఎర్ర గీత. రెండు గీతలు పడ్డాయా... పెద్దవాళ్ల జైలే!

ఒకటి పోయిన వారమే పడింది.

"కరెంటు పోతే నా తప్పేంటి సార్?"

"పెట్టె ఆగినా తప్పు నీదేరా. రూల్స్ చదువుకోలేదా?" అని నవ్వాడు జలగ.

ఇవాళ కావాలనే మెకానిక్ షెడ్డు దగ్గర ఆపాడు. జేబులు వెతికాడు, బూట్లు విప్పించాడు. పావుగంట తినేశాడు! స్పానర్ చెయ్యి విదిలించుకుని ఉత్త కాళ్లతో పరుగందుకున్నాడు.

"ఆగరా! కుక్కతోక ఎప్పుడూ వంకరే!"

"మేం బాగుపడితే మీ ఉద్యోగం పోతుందిగా సార్!"

సందు... మెట్లు... బైక్ రాదు!

జలగ దిగి పరిగెత్తాడు. బూట్ల చప్పుడు దగ్గరవుతోంది...

మూడో అంతస్తు. కాలర్ దొరికింది... చిరిగింది!

స్పానర్ తలుపు తోసుకుని లోపల పడ్డాడు.

ఆరు యాభై తొమ్మిది!

"అమ్మా! వచ్చేశా!"

గుమ్మంలో జలగ రొప్పుతున్నాడు. ఆ మొహం చూస్తే స్పానర్‌కి ఒళ్లు మండింది, నవ్వూ వచ్చింది.

"చూస్కోండి సార్. ఇంట్లోనే ఉన్నా!"

జలగ వాడి వంక చూడట్లేదు. పెట్టె వంక చూస్తున్నాడు.

పెట్టె ఆగిపోయి ఉంది.

ప్లగ్గు అమ్మ చేతిలో ఉంది!

"అమ్మా... పెట్టవే! నిమిషం కూడా లేదు!"

అమ్మ కదల్లేదు. మూలకి చూపించింది. అక్కడ ఆరేళ్ల తమ్ముడు. కాలికి పాత బెల్టు ముక్క బిగించి కట్టుకున్నాడు.

"అన్నలాగే నాకూ ట్యాగ్!" అన్నాడు సంబరంగా.

"పొద్దున పక్కింటి సైకిల్ ఎత్తుకొచ్చాడురా. నిన్ను చూసే నేర్చుకున్నాడు." అమ్మ జలగ వైపు తిరిగింది. "సార్, ఈ పెద్దోణ్ణి తీసుకుపోండి. చిన్నోడైనా నాకు మిగలాలి."

స్పానర్ ప్లగ్గు కోసం దూకాడు.

అమ్మ పెట్టెనే ఎత్తి కిటికీలోంచి విసిరేసింది!

కింద భళ్లుమంది.

ఏడు!