రెండు చేతుల మందు

“నా ఇంట్లో నాకే కాపలానా!” అని అరుస్తూ అతను విసిరిన స్టీలు గ్లాసు ఆమె కనుబొమ్మను చీల్చి మంచం కిందికి దొర్లింది. నెత్తురు కంట్లోకి కారుతున్నా ఆమె ముందు చూసింది గుమ్మంలో నిలబడ్డ మూడేళ్ల కూతుర్నే! పిల్లను బయటికి నెట్టి తలుపు వేసేలోగా జుట్టు అతని చేతికి చిక్కింది. తలను గోడకేసి కొట్టాడు... ఒకసారి కాదు, రెండుసార్లు! పెళ్లయిన ఐదేళ్లలో ఆమెను పల్లెత్తు మాట అనని మనిషి! వెల్డింగ్ పనిలో నిచ్చెన మీంచి పడ్డాడు. తలకు ఆపరేషన్ అయి ఇంటికొచ్చి నాలుగు రోజులే. మొదటి రోజు బాగానే ఉన్నాడు. రెండో రోజు నుంచే ఈ ఉగ్రరూపం!

మరిది పరుగున వచ్చి విడిపించి, ఆమెను బయటికి లాగి గడియ పెట్టాడు. “వదినా, ఇంక నావల్ల కాదు! పిచ్చాసుపత్రిలో చేర్పిద్దాం. కాగితాలు కూడా తెచ్చాను. నువ్వు సంతకం పెడితే చాలు.”

“నా కొడుకు పిచ్చోడా?” అత్తగారు ఇంతెత్తున లేచింది. “మొగుడికి నాలుగు రోజులు చాకిరీ చెయ్యలేక మహారాణి సంతకాలు పెడుతుందట!”

లోపల అతను తలుపును కాలితో తన్నుతున్నాడు. ఇవాళ నా తల... రేపు పిల్ల తలైతే? ఆమె కలం అందుకుంది. సరిగ్గా అప్పుడే ఇంటికొచ్చి చూసే నర్సమ్మ గుమ్మంలో చెప్పులు విప్పింది.

నర్సమ్మ ముందు ఆమె గాయం కడిగి కట్టు కట్టింది. తర్వాత చాప మీద చతికిలబడి, “మందులన్నీ నా ముందు పెట్టండి. దిండ్ల కింద దాచినవి కూడా” అంది.

కోడలు డబ్బా తెచ్చింది. మాత్రలు ఎన్ని మిగలాలో అన్నే ఉన్నాయి. అత్తగారు మాత్రం బొడ్లోంచి ఒక కాగితం కవరు తీసింది, కాస్త గర్వంగానే!

“ఆసుపత్రిలో మిగిలినవమ్మా. దీనికిస్తే టైముకి వేస్తుందో లేదోనని, రెండు పూటలా పాలతో నేనే వేస్తున్నా. రంగు వేరు కదా, బలానికనుకున్నా!”

నర్సమ్మ ముఖం మారిపోయింది. “పెద్దమ్మా! పేరే వేరు, మందు ఒక్కటే! ఫిట్స్ రాకుండా ఇచ్చేది. మోతాదు మించితే కొందరికి ఇలాగే పట్టలేని కోపం వస్తుంది.” వెంటనే డాక్టరుకి ఫోన్ చేసింది. సాయంత్రం మాత్ర ఆపి, మర్నాటి నుంచి కోడలు ఒక్కతే వెయ్యాలట. తగ్గకపోతే తీసుకురావాలట.

అత్తగారు రెండు చేతులతో చెంపలు వాయించుకుంది. కోడలు ఆపలేదు! “మూడు రోజులు గొడ్డును బాదినట్టు బాదించారు కదా అత్తయ్యా... నా మీద అంత నమ్మకం లేకపోయిందా!” అని బావురుమంది.

సంతకం మాత్రం పెట్టలేదు. పిల్లను ఆడపడుచు ఇంటికి పంపింది. ఇంకో రెండు రోజులు కుర్చీలు విరిగాయి, ఆమె మణికట్టు మీద పళ్లు దిగాయి...

మూడో పొద్దున అతను నెమ్మదిగా కళ్లు తెరిచాడు. ఆమె ముఖం చూసి అదిరిపడ్డాడు. “ఏంటే ఇది? ఎవరు కొట్టారు? చెప్పు, చేతులు విరిచేస్తా!”

అతనికేమీ గుర్తు లేదు! ఏం చెప్పాలి? చెబితే తట్టుకోగలడా?

“నేనేరా” అంది వెనక నుంచి అత్తగారు. “కోపమొచ్చి గరిటె విసిరాను.”

“ఛీ! నువ్వు తల్లివేనా? ఈ గదిలో అడుగు పెట్టకు!”

కోడలు అత్తగారి వెనకే వంటింట్లోకి పరిగెత్తింది. “ఎందుకలా చెప్పారు అత్తయ్యా!”

“అబద్ధమేం చెప్పాను తల్లీ? ఆ దెబ్బ నాదే. వాడు లేచి తిరిగేదాకా ఇలాగే ఉండనీ...”

ఆ నోట ‘తల్లీ’ అన్న పిలుపు వినడం అదే మొదలు!

అతను కోలుకోవడానికి నెలలు పట్టింది. అన్నాళ్లూ అత్తగారు ఆ గది గుమ్మం తొక్కలేదు. కంచం తిరిగొచ్చినప్పుడల్లా కోడలి చెయ్యి పట్టుకుని, “తిన్నాడా? ఇవాళేమైనా నవ్వాడా?” అని అడిగేది.

నవ్వని రోజున కూడా కోడలు, “నవ్వాడు అత్తయ్యా” అనే చెప్పేది.