పద్దెనిమిది రియాళ్ళ సర్వీసు

శుక్రవారం పొద్దున ఉల్లిపాయలు తరుగుతూ రుబీనా వంటింటి కిటికీలోంచి బయటికి చూసింది. ఇంటి వెనక ఖాళీ జాగాలో తెల్లటి కారవాన్ నిలబడి ఉంది. దాని కింద నుంచి తండ్రి కాళ్ళు రెండూ బయటికి కనిపిస్తున్నాయి. పక్కనే మడతకుర్చీలో, చేతిలో చాయ్ గ్లాసుతో, భర్త సమీయుల్లా కూర్చుని ఉన్నాడు. మామ నేల మీద, అల్లుడు కుర్చీలో. వరసగా ఇది మూడో శుక్రవారం. చూసిన ప్రతిసారీ ఆమెకు ఒళ్ళు మండుతూనే ఉంది, కానీ ఎవరినని ఏం లాభం? ఆ నిప్పు రాజేసింది తనే.

కారవాన్ అంటే కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే ఇల్లు. లోపల మంచం, గ్యాస్ పొయ్యి, చిన్న ఫ్రిజ్ అన్నీ ఉంటాయి. దేశం వదిలి వెళ్ళిపోతున్న ఒక ఇంగ్లీషు ఇంజనీరు దగ్గర సమీయుల్లా దాన్ని పోయినేడు కారుచవకగా కొన్నాడు. చలికాలంలో నాలుగుసార్లు సముద్రం ఒడ్డుకు తీసుకెళ్ళి, ఫోటోలు తీసి చుట్టాలందరికీ పంపాడు. తర్వాత ఎండాకాలం వచ్చింది. ఒమన్‌లో వాళ్ళుండే అజైబా ఎండకు మనుషులే వాడిపోతారు, రబ్బరొక లెక్కా? డిసెంబరులో మళ్ళీ బయటికి తీద్దామంటే సర్వీసు చేయించక తప్పని పరిస్థితి. సర్వీసు దుకాణం వాళ్ళు మూడువందల పది రియాళ్ళు చెప్పారు.

సమీయుల్లా ఖురంలో ఒక కంపెనీలో పర్చేజ్ ఆఫీసరు. గుండుసూది కొనాలన్నా మూడు కొటేషన్లు తీసుకుని, మూడోవాడి రేటు చూపించి మొదటివాడి గొంతు కోయడం అతని విద్య. ఆ మూడువందల పది పట్టుకుని వారం రోజులు ఇంట్లో అన్నం సహించనివ్వలేదు. దొంగలన్నాడు, దోపిడీ అన్నాడు. విని విని విసుగెత్తి రుబీనాయే తండ్రికి ఫోన్ చేసింది. ఆయన ఏమైనా అడిగితే కాదనొద్దబ్బా అని చెప్పింది.

ఖమరుద్దీన్ కాదనలేదు. సమాయిల్‌లో ఒక గ్యారేజీలో ఆయన మెకానిక్. ముప్పై ఏళ్ళ సర్వీసు, వారానికి ఒక్క శుక్రవారమే సెలవు. ఆ సెలవు నాడు బస్సెక్కి పొద్దున్నే వచ్చి, అట్టముక్క పరుచుకుని బండి కింద పడుకుంటున్నాడు. వయసు యాభై తొమ్మిది. ఎడమ మోకాలు వంగదు, వంగితే లేవదు. వచ్చే నెల, జనవరిలో, కంపెనీ వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపించేస్తోంది.

పోయేలోగా ఆయనకు ఒకే ఒక్క కోరిక. ప్రొద్దుటూరులో ఉన్న భార్య సఫియాను ఒక్కసారి ఒమన్‌కు తీసుకురావాలి. ముప్పై ఏళ్ళలో ఆమె ఈ నేల తొక్కలేదు. కూతురు పిలుస్తానన్నా, నా భార్యకు నేనే చూపించుకుంటానని ఆయన పట్టుబట్టి రెండేళ్ళుగా కొంచెం కొంచెం వెనకేశాడు. టికెట్టూ విజిట్ వీసా కలిపి రెండువందల రియాళ్ళు సిద్ధమయ్యాయని పోయిన నెలలోనే గర్వంగా చెప్పాడు.

కూర పొయ్యి మీద పెట్టగానే ఫోన్ మోగింది. అమ్మ. బియ్యం ధర, పక్కింటి వాళ్ళ పెళ్ళి, అన్నీ అయ్యాక టికెట్టు ఏ తేదీకి తీశారని రుబీనా అడిగింది.

"నేను రాలేను లేమ్మా. మీ అబ్బే వచ్చేస్తాండాడు గదా, ఇంక నాకు ఆడ చూసేదేముంది? విమానమంటే నాకు బయం గూడా."

పోయిన నెల సూట్‌కేసు కొనుక్కున్న మనిషికి ఇవాళ విమానమంటే భయమట. రుబీనా గుచ్చి గుచ్చి అడిగింది. సఫియా పొయ్యి మీద పాలున్నాయని ఫోన్ పెట్టేసింది.

అంతలో బయట కారు ఆగింది. వచ్చింది అజహర్, సమీయుల్లా స్నేహితుడు, హైదరాబాదు మనిషి. అతనికీ ఒక పాత కారవాన్ ఉంది. దాని సర్వీసు కోసం రెండు వారాలుగా దుకాణాల చుట్టూ తిరుగుతున్నాడు. చాయ్ తీసుకుని రుబీనా బయటికి వెళ్ళేసరికి సమీయుల్లా మంచి ఊపులో ఉన్నాడు. మూడువందల పది అడిగిన పనిని మా మామ పద్దెనిమిది రియాళ్ళలో చేసి చూపించాడు, గ్రీజుకూ సీలు వేసే జిగురుకూ తప్ప నా జేబులోంచి చిల్లర బైజా కూడా కదల్లేదు అని చెబుతున్నాడు. నీ బండి కూడా తెచ్చి పడేయ్, వచ్చే శుక్రవారం మామ చూస్తాడు అని కూడా అనేశాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఏమిటో రుబీనా కళ్ళారా చూసింది.

ఖమరుద్దీన్ బండి కింద నుంచి బయటికి వచ్చి, చక్రం పట్టుకుని మెల్లగా లేచి నిలబడ్డాడు. వచ్చే శుక్రవారం గురించి ఆయన్ని ఎవరూ అడగలేదు. అజహర్ మాత్రం కారవాన్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. వంగి టైరు మీద అక్షరాలు చదివాడు. బ్యాటరీ పెట్టె మూత ఎత్తి చూశాడు. గ్యాస్ పైపు మీద తారీఖు చూశాడు.

"పద్దెనిమిదిల ఎట్లయితది భాయ్?" అన్నాడు. "రెండు టైర్లు కొత్తయే. ఒక్కోటి ముప్పై అయిదు జెప్పిన్రు నాకు. బ్యాటరీ కొత్తది, గ్యాస్ పైపు కొత్తది, లోపల బ్రేకులు గూడ మార్చినట్టున్నరు. సామానుకే రెండొందలకు తక్కువ గాదు."

సమీయుల్లా నవ్వి, మా మామకు తెలిసిన దుకాణాలున్నాయిలే అంటూ మామ వైపు చూశాడు. ఖమరుద్దీన్ చేతిలో పానా తుడుచుకుంటూ, తెలిసినోళ్ళు తగ్గించి ఇచ్చినారు అన్నాడు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి, పానా మీద నుంచి చూపు ఎత్తలేదు.

రెండువందలు. అమ్మకు విమానమంటే భయం ఎందుకొచ్చిందో రుబీనాకు అప్పుడు అర్థమైంది. ట్రే కుర్చీ మీద పెట్టేసింది.

"అజహర్ భాయ్, ఏమీ అనుకోవద్దు. మీ బండి మా అబ్బ చేయడు."

అజహర్ తెలివైనవాడు. నమాజుకు వేళవుతోందని చెప్పి చాయ్ తాగకుండానే వెళ్ళిపోయాడు. స్నేహితుడి ముందు పరువు తీశావని సమీయుల్లా అక్కడే మొదలుపెట్టాడు. రుబీనా ఇంట్లోకి నడిచింది. వెనకే అతను, అతని వెనక కుంటుకుంటూ ఖమరుద్దీన్.

"ఆ టైర్లు ఎవరి డబ్బుతో కొన్నారో మీరు అడిగినారా?" అంది రుబీనా.

"నాకేం తెలుసు? ఆయన చెప్పలేదు. చెప్పుంటే ఇవ్వనా నేను?"

"ఆఫీసులో మేకు కొనడానికి మూడు కొటేషన్లు తీసుకుంటారే! మా అబ్బ దగ్గర ఒక్క కొటేషన్ తీసుకోలేకపోయినారా? రెండు కొత్త టైర్లు కళ్ళ ముందర ఉన్నాయి. పద్దెనిమిది రియాళ్ళకు టైరు గాలి గూడా రాదని ఊరందరికంటే మీకే బాగా తెలుసు. తెలిసీ అడగలేదు. అడిగితే ఇవ్వాల్సి వస్తుందని అడగలేదు."

అసలు టైర్లు మార్చమని తనెప్పుడన్నాడని సమీయుల్లా గొణిగాడు. అదీ నిజమే. మొదటి శుక్రవారమే ఖమరుద్దీన్ టైర్లు మార్చాలని చెప్పాడు. సమీయుల్లా వంగి చూసి, అరగనే లేదుగా మామా, మీ గ్యారేజీ వాళ్ళందరూ ఇంతే, కొత్తవి అమ్మందే నిద్రపోరు అని నవ్వేశాడు. ఆ నవ్వు రుబీనా కిటికీలోంచి విన్నది. విని ఊరుకుంది.

"ఊరుకో బేటీ," అన్నాడు ఖమరుద్దీన్. ఆయనకు కోపమొచ్చింది, అదీ కూతురి మీదే. "అల్లుని దగ్గర కూలి లెక్క మాట్లాడిన మామ యాడన్నా ఉంటాడా? నా పరువు తీస్తాండావు నువ్వు. టైరు పైన అరగలేదు గానీ పక్కల పగిలిపోయింది. అది రోడ్డు మీద పేలితే కారు గూడా తిరగబడతాది. ఆ కారులో అస్రా కూర్చుంటాది. నేను మెకానిక్‌ని, చూసినాక ఎట్ల ఊరుకుంటా?"

తన ఎనిమిదేళ్ళ కూతురి పేరు వినగానే సమీయుల్లా ముఖంలో రంగు మారింది.

"మరి అమ్మకు ఏమని చెప్పినావబ్బా?"

ఖమరుద్దీన్ గోడ పట్టుకుని సోఫా అంచున కూర్చున్నాడు. బట్టలకు గ్రీజుందని, సోఫాకు అంటకుండా ముందుకు వంగి కూర్చున్నాడు. కూతురి ఇంట్లో సోఫా మీద వెనక్కి వాలి కూర్చునే ధైర్యం కూడా ఆ మనిషికి లేదు. అది చూసేసరికి రుబీనా కోపమంతా ఏడుపై పొంగింది.

"అమ్మ టికెట్టు డబ్బులవి," అంది భర్తతో. "ముప్పై ఏళ్ళు తను తిరిగిన ఊరు భార్యకు ఒక్కసారి చూపించుకోవాలని రెండేళ్ళు దాచుకున్నాడు. ఈ నెల దాటితే ఆయనే ఇక్కడ ఉండడు. ఆ డబ్బు మీ చక్రాలకు వేసినాడు. దాని మీద నిలబడి మీరు పద్దెనిమిది రియాళ్ళని డప్పు కొట్టుకుంటాండారు."

తర్వాత ఆమె తండ్రి ముందు చాప మీద కూలబడింది. తప్పు నాదేనబ్బా, కాదనొద్దని నీకు చెప్పింది నేనే, మా ఇంట్లో గొడవ లేకుండా ఉండాలని నీ నోరు కుట్టేసినానని ఏడ్చింది. పెళ్ళయిన పదేళ్ళుగా తను చేస్తూ వచ్చింది అదేనని చెబుతున్నప్పుడే ఆమెకు తెలిసింది. భర్తకు కోపం రాకూడదని తండ్రిని తగ్గమంది. తగ్గి తగ్గి ఆయన బండి కిందికే పోయాడు. ఖమరుద్దీన్ గ్రీజు చేతులు పక్కకు పెట్టి, మోచేత్తో ఆమె తల నిమిరాడు.

సమీయుల్లా రుబీనా ఫోన్ తీసుకుని అత్తకు కలిపాడు. అందరికీ వినబడేలా స్పీకరు పెట్టాడు. అతను సలాం చెప్పగానే సఫియాయే అందుకుంది.

"బండి పనైపోయిందా బాబూ? టైర్లు మంచివే వేసినాడా? నేనే చెప్పినా, బిడ్డలు తిరిగే బండి, తక్కువ రకం వేయొద్దని."

ఆమెకు అంతా ముందే తెలుసు. తన టికెట్టు తనే చింపి చక్రాలకు వేయించింది.

"అత్తా," అన్నాడు సమీయుల్లా. "మీ పాస్‌పోర్టు ఫోటో తీసి ఈరోజే పంపండి. మామ ఇక్కడ ఉండగానే మీరు రావాలి. ఊరంతా ఆయనే తిప్పి చూపిస్తాడు. ఆయన డబ్బుతోనే వస్తున్నారు, నేను ఆయనకు బాకీ ఉన్నాను. చేతి కూలి కూడా బాకీనే."

కూలి మాట ఎత్తొద్దని ఖమరుద్దీన్ చెయ్యి ఊపాడు. సమీయుల్లా ఆయన వైపు తిరిగి, మామా, వద్దనకండి అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు పదేళ్ళలో మొదటిసారి అతను మామ ముందు నేల మీద కూర్చున్నాడు.

అవతలి నుంచి సఫియా గొంతు సన్నగా వినిపించింది.

"అట్లయితే బాబూ... నేను వచ్చినప్పుడు ఆ ఇల్లుబండిలో ఒక్కసారి నన్ను గూడా కూర్చోబెట్టుకుంటావా?"

సమీయుల్లా ఫోన్ మామ చేతిలో పెట్టి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.