పిచ్చుక వేయని ప్యాచ్

నీళ్ల బకెట్టు బల్ల మీదికి ఎక్కింది. దాని చుట్టూ ముప్పై తలకాయలు మూగాయి. వెనక వరసవాళ్లు ఏకంగా బెంచీలే ఎక్కేశారు. టీచర్ చూసీ చూడనట్టు ఊరుకుంది.

"జరగండి, జరగండి. నీళ్లు పడితే నన్ననొద్దు," అంది పిచ్చుక, చేతిలో సైకిల్ ట్యూబు పట్టుకుని.

పిచ్చుక అసలు పేరు అది కాదు. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా కిచకిచమంటూనే ఉంటుందని వాళ్లమ్మ అలా పిలిచేది. ఆ పిలుపు ఇంట్లోంచి వీధికి, వీధిలోంచి బడికి పాకింది. ఇప్పుడు హాజరు పిలిచేటప్పుడు తప్ప అసలు పేరు ఎవరికీ గుర్తు రాదు.

ఆ రోజు శుక్రవారం. వేసవి సెలవులకు ముందు ఆఖరి 'ఇష్టాల గంట'.

ఈ ఇష్టాల గంట టీచర్ పెట్టిందే. శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పాఠాల పుస్తకాలు మూసేయాలి. ఎవరికి ఏది ఇష్టమో అది నేర్చుకోవాలి. టీచర్ ఏమీ చెప్పదు. ఎవరి ప్రాజెక్టు వాళ్లదే, ఎవరి తిప్పలు వాళ్లవే. ఒకడు కాగితంతో వంతెన కట్టి దాని మీద డిక్షనరీని నిలబెట్టాడు. ఒకమ్మాయి ఎడంచేత్తో రాయడం నేర్చుకుంది. ఎందుకయ్య అనే వాడొకడున్నాడు. వాడికా పేరెలా వచ్చిందో వాడు నోరు తెరిస్తే చాలు, తెలిసిపోతుంది. వానొస్తే క్లాసు కప్పు ఎక్కడెక్కడ కారుతుందో కనిపెట్టి వాడు పెద్ద పటమే గీశాడు.

పిచ్చుక సైకిల్ పంక్చర్ ఎంచుకుంది. వాళ్లమ్మది సైకిల్ షాపు. 'ఇంట్లో ఉన్న విద్యేగా, చిటికెలో పని' అనుకుంది. అనుకుని, శుక్రవారాలన్నీ పక్కవాళ్ల బల్లల దగ్గరే గడిపింది. వంతెనకు సలహాలిచ్చింది. ఎడంచేతి అక్షరాలకు వంకలు పెట్టింది. తన పని మాత్రం ముట్టుకోలేదు. ఈ పొద్దున బడికి బయల్దేరుతూ, షాపు గోడకు వేలాడుతున్న ట్యూబుల్లోంచి ఒకటి లాగి సంచిలో కుక్కుకుంది. దానికి అమ్మ నిన్ననే ప్యాచ్ వేసింది.

"ఈ ప్యాచ్ నేనే వేశాను," అంది ఇప్పుడు అందరి ముందూ.

ట్యూబును పైకెత్తి ప్యాచ్ ఉన్నచోటు అందరికీ చూపించింది.

"ముందు గాలి కొట్టి నీళ్లలో ముంచాలి. బుడగలు ఎక్కడొస్తే చిల్లు అక్కడ. గాలి తీసేసి, తుడిచి, గరుకు కాగితంతో రుద్దాలి. సొల్యూషన్ రాయాలి. వెంటనే ప్యాచ్ అంటించాలి. సుత్తితో రెండు దెబ్బలు. అంతే."

"వెంటనే ఎందుకు?" అన్నాడు ఎందుకయ్య.

పిచ్చుక ఒక్క క్షణం తడబడింది. అమ్మ వెంటనే అంటిస్తుందా? ఏమో. కానీ ముప్పై మంది ముందు 'ఏమో' అంటే పరువేం కాను?

"ఆరిపోతే ఎలా అంటుకుంటుందిరా? జిగురు తడిగా ఉంటేనేగా అంటుకునేది. నువ్వు ఎప్పుడూ కవరుకు స్టాంపు అంటించలేదా?"

క్లాసంతా నవ్వింది. "వాడి గాలి తీసేసిందిరా," అన్నారు బెంచీల మీదివాళ్లు.

పిచ్చుక గాలి నింపిన ట్యూబును నీళ్లలో ముంచింది. ఒక్క బుడగ రాలేదు. ఎందుకొస్తుంది, అమ్మ చెయ్యాయె. చప్పట్లు మోగాయి.

చప్పట్లు ఆగాక టీచర్ లేచింది. "మీ వంతు అయింది. ఇప్పుడు నా ఇష్టాల గంట," అంది. "ఈ సెలవుల్లో మా అక్కయ్య వాళ్ల ఊరు వెళ్తున్నాను. సైకిల్ మీద."

"ఎంత దూరం టీచర్?"

"నూట ఇరవై కిలోమీటర్లు. మూడు రోజులు తొక్కాలి."

"ఎందుకు టీచర్? బస్సు లేదా?" అన్నాడు ఎందుకయ్య.

"లేకేం, గంటకొకటి ఉంది. బస్సులో అయితే డ్రైవర్ వెళ్లినట్టు అవుతుంది గానీ నేను వెళ్లినట్టు ఎలా అవుతుంది?"

పిల్లలు నవ్వారు. టీచర్ మాత్రం నవ్వలేదు.

"రెండేళ్లుగా అనుకుంటున్నాను, రెండేళ్లుగా వాయిదా వేస్తున్నాను. దారిలో ఒకచోట ముప్పై కిలోమీటర్లు ఒక్క ఇల్లు కూడా ఉండదు. అక్కడ పంక్చర్ పడితే నా గతేంటని భయం. ఇవాళ్టితో ఆ బెంగ తీరింది."

చేతిసంచిలోంచి చిన్న పుస్తకం తీసి, పిచ్చుక చెప్పిందంతా వరసగా రాసుకుంది. 'వెంటనే అంటించాలి' అన్నచోట కింద రెండు గీతలు గీసింది.

"ఇది చాలు కదమ్మా?"

"చాలు టీచర్," అంది పిచ్చుక. కళ్లు మాత్రం ఆ రెండు గీతల మీదే ఉన్నాయి. "ఎప్పుడు టీచర్ ప్రయాణం?"

"ఎల్లుండి పొద్దున్నే."

మర్నాడు బడి లేదు. షాపులో అమ్మ ముక్కాలిపీట మీద కూర్చుని ట్యూబు రుద్దుతోంది. మామూలుగా అయితే ఆ వేళకు పిచ్చుక వచ్చేపోయేవాళ్లతో కబుర్లు చెబుతూ ఉంటుంది. ఇవాళ మాత్రం అమ్మ చేతులనే చూస్తూ కూర్చుంది.

అమ్మ సొల్యూషన్ రాసింది. ట్యూబును పక్కన పెట్టింది. లేచి, పాలాయన సైకిల్ చైను బిగించడానికి వెళ్లింది.

"అమ్మా, ఇక్కడ ఆరిపోతోంది. వచ్చి అంటించు."

"ఆరాలనేగా అక్కడ పెట్టింది."

"అదేంటి?"

"అదేంటంటే అదే. వేలికి అంటకుండా ఆరాక ప్యాచ్ వెయ్యాలి. తడి మీద వేస్తే జారిపోతుంది. వీధి చివరిదాకా కూడా పోదు. పుట్టిన దగ్గర్నించీ ఈ పీట పక్కనే పెరిగావు, ఇది తెలీదూ?"

పిచ్చుక ఆరుతున్న ట్యూబు వైపు తిరిగింది.

వెయ్యిసార్లు చూసింది. సొల్యూషన్ రాయడం చూసింది. ప్యాచ్ అంటించడం చూసింది. మధ్యలో అమ్మ లేచి ఇంకో సైకిల్ దగ్గరికి వెళ్లడమూ చూసింది. అది వేరే పని అనుకుంది గానీ, ఆరేదాకా ఆగడం కూడా ఈ పనిలో భాగమేనని ఏనాడూ తట్టలేదు.

"ఏమే, మొహం గాలి పోయిన ట్యూబులా పెట్టావు?" అంది అమ్మ.

"ఏం లేదు. ఇప్పుడే వస్తా," అని పిచ్చుక వీధిలోకి పరిగెత్తింది.

ముప్పై కిలోమీటర్లు. ఒక్క ఇల్లు లేదు. నెత్తి మీద ఎండ. రోడ్డు పక్కన టీచర్ ఒక్కతే కూర్చుని, రాసిన వెంటనే అంటిస్తూ, ఊడిపోతే మళ్లీ రాస్తూ... ఆ బొమ్మ కళ్ల ముందు నుంచి కదలడం లేదు.

సగం దూరం వెళ్లేసరికి ఒక ఉపాయం తట్టింది. 'టీచర్, ఒక్క మాట చెప్పడం మర్చిపోయాను, ఆరనివ్వాలి' అంటే సరిపోతుంది. ప్యాచ్ ఎవరు వేశారన్న ఊసే రాదు. టీచర్ సైకిలూ నిలబడుతుంది, తన పరువూ నిలబడుతుంది. పిచ్చుక కాళ్లు కాస్త తేలికయ్యాయి.

టీచర్ ఇంటికి తాళం వేసి ఉంది.

ఎదురింటి మామ్మ కిటికీలోంచి తొంగి చూసింది. "మీ టీచర్ కోసమా? ఇందాకే సైకిల్ మీద వెళ్లింది. వెనకాల సంచి కూడా కట్టుకుంది."

"రేపు కదా మామ్మా వెళ్లాల్సింది?"

"ఏమో తల్లీ, నాకు చెప్పి వెళ్తుందా?"

పిచ్చుక ఇంకోసారి ఆ తాళం వైపు చూసింది. వచ్చిన దారినే వెనక్కి తిరిగింది. అమ్మకు చెప్పాలి. ఏమని చెప్పాలో తెలియదు గానీ, చెప్పాలి.

వీధి మలుపు తిరిగేసరికి షాపు ముందు ఒక సైకిల్ కనిపించింది. వెనక క్యారియర్ మీద సంచి. పక్కనే టీచర్.

పిచ్చుక అక్కడే నిలబడిపోయి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. వెళ్లలేదు. ఇంకా వెళ్లలేదు.

"ఇంకో నాలుగు ప్యాచ్‌లు ఇవ్వండి," అంటోంది టీచర్. నిన్నటి హుషారు ఆ గొంతులో లేదు.

"మీ పంక్చర్ సామాన్ల డబ్బాలో నాలుగు ప్యాచ్‌లుంటాయి కదా టీచరుగారూ. మూడు రోజులకి అవే ఎక్కువ," అంది అమ్మ.

"ఉండేవి. అయిపోయాయి." టీచర్ అటు తిరిగి పిచ్చుకను చూసింది. "అదిగో, మా గురువుగారు వచ్చారు. నిన్న క్లాసులో మీ అమ్మాయి ఎంత బాగా చెప్పిందనుకున్నారు. తను వేసిన ప్యాచ్‌కి ఒక్క బుడగొస్తే ఒట్టు."

"మా పిచ్చుకా? ప్యాచ్ వేసిందా?" అమ్మ మొహం చేటంత అయింది. "నాకొక్క ముక్క చెప్పలేదు చూడండి, దొంగది."

అమ్మ అంత మురిసిపోవడం పిచ్చుక ఈ మధ్య చూడలేదు. ఆ మొహం వైపు చూడకుండా, దారిలో అనుకున్న మాట గబగబా అనేసింది.

"టీచర్, నిన్న ఒకటి చెప్పడం మర్చిపోయాను. సొల్యూషన్ రాశాక ఆరనివ్వాలి. వెంటనే అంటించకూడదు."

"అలాగా?" టీచర్ పుస్తకం తీసింది. 'వెంటనే' కొట్టేసి 'ఆరనివ్వాలి' అని రాసింది. పెన్సిల్ అలాగే పట్టుకుని అడిగింది. "ఇంకేమైనా మర్చిపోయావా? బాగా గుర్తు తెచ్చుకో. దారిలో అడుగుదామంటే నువ్వుండవు కదా."

పిచ్చుక ఆ పుస్తకం వైపు చూసింది.

ఇంకేం మర్చిపోయింది? మర్చిపోవాలంటే ముందు తెలిసుండాలి కదా. తనకు తెలిసిందెంతో, తెలియందెంతో తనకే తెలియదు. టీచర్ పెన్సిల్ మాత్రం కాగితం మీద ఎదురుచూస్తోంది. తను ఏం చెబితే అది రాసుకుంటుంది. రాసుకున్నదాన్ని నమ్ముకుని ఎండలోకి వెళ్తుంది.

"నాకు తెలీదు టీచర్."

"ఏం తెలీదు?"

"ఏదీ తెలీదు. నిన్నటి ప్యాచ్ నాది కాదు, అమ్మ వేసింది. నేను గోడ మీంచి తీసుకొచ్చాను. నేను ఇంతవరకు ఒక్క ప్యాచ్ కూడా వెయ్యలేదు."

అమ్మ చేతిలో తిరుగుతున్న స్పానర్ ఆగింది. పిచ్చుక తల దించుకుంది. ఇప్పుడు పడతాయి తిట్లు అనుకుంది.

"అమ్మయ్య," అంది టీచర్.

పిచ్చుక తల ఎత్తింది. టీచర్ షాపు గడప మీద చతికిలబడి నవ్వుతోంది.

"నిన్న సాయంత్రం పాత ట్యూబుకి గుండుసూదితో చిల్లు పెట్టుకుని కూర్చున్నాను. నువ్వు చెప్పినట్టే నాలుగు ప్యాచ్‌లు వేశాను. నాలుగూ జారిపోయాయి. పదేళ్ల పిల్లకి వచ్చింది, నాకు రాలేదు, ఇవి చేతులు కావు రోకళ్లు అనుకున్నాను. ఇంకో నాలుగు వేసి చూసి, అవీ ఊడిపోతే రానని అక్కయ్యకి ఫోన్ చేద్దామని, ఆ ట్యూబే సంచిలో వేసుకుని ఇటు వచ్చాను."

పిచ్చుక ఇంతసేపూ రోడ్డు గురించే ఆలోచించింది. తను కోసిన కోతలు నిన్న సాయంత్రమే టీచర్ ఇంటిదాకా వెళ్లి పని చెడగొట్టాయని అనుకోలేదు.

"సారీ టీచర్."

"నాకెందుకు, వీటికి చెప్పు," అని టీచర్ రెండు చేతులూ చాపింది. వేళ్ల మీద ఎండిన సొల్యూషన్ పొరలు పొరలుగా లేస్తోంది. "నిన్నంతా తిట్లు తిన్నవి ఇవే."

పిచ్చుక ఆ చేతుల వైపు చూసి, చిన్నగా "సారీ" అంది. టీచర్ ఒక వేలు వంచి 'సరే' అన్నట్టు తలాడించింది. పిచ్చుకకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"అయితే నా ప్యాచ్ ఎత్తుకెళ్లి బడిలో డప్పు కొట్టుకొచ్చావన్నమాట," అంది అమ్మ. మొహం ఇందాకటంత వెలుగ్గా లేదు గానీ, కోపంగానూ లేదు. "మనిద్దరి లెక్క తర్వాత చూసుకుందాం. ముందు ఆ పీట టీచరుగారికి వెయ్యి. నువ్వు కింద కూర్చో."

ఇద్దరి చేతుల్లోనూ చెరో పాత ట్యూబు పెట్టింది.

"పంక్చర్ పడింది. ముందేం చేస్తారు?"

"గాలి కొట్టి నీళ్లలో..." అన్నారిద్దరూ ఒక్కసారే.

"ఆ ఎండలో మీకు నీళ్ల తొట్టి ఎవరు తెచ్చిపెడతారు? ట్యూబు చెంప దగ్గర పెట్టుకోండి. గాలి చల్లగా తగులుతుంది, అక్కడుంటుంది చిల్లు. తర్వాత?"

"రుద్దడం," అంది పిచ్చుక భయం భయంగా.

"కాదు. టైరు లోపల మెల్లగా తడిమి చూడాలి. గుచ్చుకున్న మేకు అక్కడే ఉంటే, పది ప్యాచ్‌లు వేసినా పదిసార్లూ చిల్లు పడుతుంది."

పిచ్చుకా టీచరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. టీచర్ పుస్తకం తీసి రాసుకుంది.

రుద్దారు. సొల్యూషన్ రాశారు. ఇక ఆగాలి. పిచ్చుకకు పుట్టి బుద్ధెరిగాక అంతసేపు ఊరికే కూర్చున్న గుర్తు లేదు. వేలు పెట్టి చూడబోయింది.

"వేలితో కాదు, కళ్లతో. మెరుపు తగ్గాలి," అంది అమ్మ.

మెరుపు తగ్గింది. అంటించారు. సుత్తితో కొట్టారు. గాలి నింపారు.

ముందు టీచర్ ట్యూబు తొట్టిలో మునిగింది. ముగ్గురూ వంగి చూశారు. నీళ్లు అద్దంలా ఉన్నాయి.

"నిలిచిందండీ," అంది అమ్మ.

టీచర్ తన చేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకుంది. తర్వాత ఫోన్ తీసి వీధిలోకి నడిచింది. "అక్కయ్యా, రేపు బయల్దేరుతున్నాను. ఆ, సైకిల్ మీదే. మంగళవారం సాయంత్రానికి నీ గుమ్మంలో ఉంటాను... ఏం భయం లేదే, నేర్చుకున్నాను," అనడం లోపలికి వినిపించింది. అంతలో గాలి కొట్టమని ఎవరో పిలిస్తే అమ్మ కూడా బయటికి వెళ్లింది.

తొట్టి దగ్గర పిచ్చుక ఒక్కతే మిగిలింది. తన ట్యూబు ముంచింది. ఏమీ రాలేదు. ఇంకాసేపు చూసింది. తీసేద్దామనుకుంటుండగా ప్యాచ్ అంచున ఆవగింజంత బుడగ పుట్టింది. మెల్లగా పైకి తేలి చిట్లిపోయింది. కాసేపటికి ఇంకొకటి.

టీచర్ చీర కొంగుతో చెమట తుడుచుకుంటూ తిరిగొచ్చింది. "నీది కూడా నిలిచిందా?"

"లేదు టీచర్, కారుతోంది. ఇదిగో, ఈ అంచు దగ్గర," అని పిచ్చుక ట్యూబును ఆవిడ వైపు తిప్పింది. "సరిగ్గా రుద్దలేదో, తొందరపడి అంటించానో తెలీడం లేదు. అమ్మ రాగానే అడుగుతాను."

ట్యూబులో గాలి తీసేసింది. ప్యాచ్ అంచు గోటితో లేపి, పీకి పక్కన పెట్టింది. తడి తుడిచి, గరుకు కాగితం అందుకుని మళ్లీ మొదటి నుంచి రుద్దడం మొదలుపెట్టింది.